నేను కొట్టేసిన పంతొమ్మిదో ప్రశ్న

ఈ మధ్య ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక మిత్రుడి ఇంటికి భోజనానికి వెళ్ళాను. ఆయన కూతురు ఈ ఏడాది లా స్కూల్‌లో చేరబోతున్నది. అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్ల. పప్పు వడ్డిస్తూ అడిగింది:

“అంకుల్, ఒక జడ్జ్ వచ్చి విట్‌నెస్‌గా చెప్తే జ్యూరీ ఇంకెవర్నైనా నమ్ముతారా? గేమ్ ఓవర్ కదా?”

“కాదమ్మా” అన్నాను.

ఎందుకు కాదో చెప్పడం మొదలుపెడితే పెరుగన్నం దాకా సాగింది. అప్పటికీ పూర్తి కాలేదు. ఆ మిగిలిన భాగం ఆ అమ్మాయి కోసం, ఆమెలాగే ఈ వృత్తిలోకి వస్తున్న మన పిల్లల కోసం ఇక్కడ రాస్తున్నాను. మిషిగన్‌లో ముప్పై ఒక్క సంవత్సరాలు న్యాయవాదిగా పనిచేశాను. ఏ హోదా ఎప్పుడు వచ్చిందో, గోడకు ఎన్ని ఫలకాలు తగిలించానో ఎవరికీ ఉపయోగపడే సంగతులు కావు. ఉపయోగపడేవి పొరపాట్లు. వాటిలో రెండింటిని ఎంచుకున్నాను. రెండు కేసుల్లోనూ సాక్షి స్థానంలో కూర్చున్నది జడ్జీలే. రెండింటిలోనూ తప్పు చేసింది నేనే.

ఇస్త్రీ బండి

మా వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాడిని నేను. మా నాన్నగారు గుంటూరులో కోర్టుకు ఎదురుగా ఇస్త్రీ బండి నడిపేవారు. వకీళ్ళ నల్లకోట్లన్నీ ఆయన చేతి మీదుగానే కోర్టులోకి వెళ్ళేవి. ఏ కోటు ఎవరిదో మడత చూసి చెప్పేవారు. జడ్జిగారి బట్టల మూట తీసుకుని బంట్రోతు వస్తే మాత్రం ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి లేచి నిలబడేవారు. గమనించండి, వచ్చింది జడ్జిగారు కాదు. వారి చొక్కా.

ఈ సంగతి సానుభూతి కోసం రాయలేదు. మా నాన్న తన పనిని ఎంతో సంతోషంగా చేసిన మనిషి. కానీ చొక్కా వస్తేనే లేచి నిలబడే ఇంట్లో పెరిగినవాడు, ఆ చొక్కా వేసుకున్న మనిషిని నిలదీయవలసి వస్తే అతని వెన్నెముక ఏమంటుందో చెప్పడానికి రాశాను. ఇంజనీరింగ్ ఎం.ఎస్. కోసం ఈ దేశం వచ్చి, కార్ల విడిభాగాల కంపెనీలో ఉద్యోగం చేస్తూ, సాయంత్రం తరగతుల్లో లా చదివాను. సాక్ష్యాల చట్టం అంతా వచ్చింది. వెన్నెముక మాత్రం గుంటూరులోనే ఉండిపోయింది.

కంచె ఎక్కడుంది?

మొదటి పొరపాటు చిన్నది. ఇద్దరు ఇరుగుపొరుగువారి మధ్య కంచె తగాదా. పాత కంచె ఏ గీత మీద ఉండేదో తేల్చాలి. నా కక్షిదారుకు ఒక అదృష్టం కలిసివచ్చింది. ఆ కంచెను ఏళ్ళ తరబడి చూసిన ఎదురింటాయన పదవీ విరమణ చేసిన జడ్జి. కేసు గెలిచినట్టేననుకున్నాను.

ఆయనను సాక్షిగా పిలిచి, ఏ సంవత్సరం బెంచి ఎక్కారు, ఎన్ని వేల తీర్పులిచ్చారు, ఎన్ని కమిటీలకు అధ్యక్షత వహించారు అని అరగంట సేపు అడిగాను. పాపం, ఆయన కూడా ఇబ్బందిపడుతూనే జవాబులు చెప్పారు. చివర రెండు నిమిషాలు కంచె గురించి అడిగాను. ఓడిపోయాను.

మా రాష్ట్రంలో తీర్పు వచ్చిన తరువాత, జ్యూరీ సభ్యులు ఇష్టపడితే వారితో మాట్లాడే వీలు సాధారణంగా ఉంటుంది. ఇంతకంటే మంచి బడి ఇంకొకటి లేదు. ఆ రోజు ఒక పెద్దాయన నా భుజం తట్టి, “ఆయన జీవిత చరిత్ర చాలా బాగుంది. కంచె ఎక్కడుందో మాత్రం మాకెవరూ చెప్పలేదు” అన్నారు.

ఆఫీసుకు వచ్చి మా పెద్ద లాయరు పెగ్గీకి ఈ మాట చెప్పాను. నా వృత్తి జీవితంలో నేను చూసిన అత్యుత్తమ న్యాయవాది ఆమె. ఓపిక మాత్రం ఆమె సుగుణాల్లో లేదు.

“నల్లగౌనుకి కళ్ళుండవు, కోటీ. మనిషికి ఉంటాయి. ఆ కళ్ళు అప్పుడెక్కడున్నాయో అడుగు, చాలు” అన్నది.

ఆ మాట పుస్తకంలో రాసుకున్నాను. రాసుకోవడం వేరు, చేయడం వేరని తెలియడానికి శ్రావంతి కేసు దాకా ఆగవలసి వచ్చింది.

శ్రావంతి

శ్రావంతిది కరీంనగర్. ఇక్కడ ఎం.ఎస్. చివరి సెమిస్టర్‌లో ఉన్నది. ఒక ఆటో కంపెనీలో ఉద్యోగం ఖాయమైంది. నవంబరులో ఒక సాయంత్రం, మసక చీకటి వేళ, సరుకులు కొనుక్కుని ఇంటికి వెళ్తుండగా ఒక పెద్ద కూడలిలో ఆమె కారు సైకిల్ మీద వెళ్తున్న ఒక ఆయనను కొట్టింది. ఆయన తొడ ఎముక విరిగింది. ఎర్రదీపం దాటి వచ్చి మనిషిని గాయపరిచిందని ఆమె మీద కేసు పెట్టారు. సిగ్నల్ పసుపుపచ్చగా ఉండగానే కూడలిలోకి వచ్చానని ఆమె అన్నది. సైకిలాయనకు ఆ నిమిషం ఏమీ గుర్తులేదు. కెమెరా లేదు. ఉన్నది ఒకే ఒక సాక్షి. అడ్డరోడ్డు మీద సిగ్నల్ దగ్గర తన కారులో మొదటి వరుసలో ఆగి ఉన్న మిస్టర్ ఎల్డర్‌మన్. పక్క కౌంటీలో, మన లెక్కలో పక్క జిల్లాలో, సిట్టింగ్ జడ్జి.

తన ముందు నడుస్తున్న విచారణలో ఆ జడ్జే సాక్షిగా మారడానికి చట్టం ఒప్పుకోదు. కానీ వేరే కోర్టు జడ్జి రోడ్డు మీద ఏదైనా చూస్తే, సమన్లు అందుకుని అందరిలాగే వచ్చి చెప్పవలసిందే.

నేరం రుజువైతే శ్రావంతికి కొన్ని వారాల జైలు పడవచ్చు. అంతకన్నా పెద్ద భయం, ఆ ముద్ర ఆమె వీసాను, రాబోయే ఉద్యోగాన్ని ఏం చేస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేకపోవడం. మొదటిసారి నా ఆఫీసుకు వచ్చినప్పుడు కుర్చీ అంచున కూర్చుని అడిగింది:

“అంకుల్, ఆయన జడ్జ్ అంట కదా. జడ్జే రెడ్ అని చెప్తే, నేను యెల్లో అంటే ఎవరు నమ్ముతరు?”

“నమ్మేలా చేయడమే నా పని. నువ్వు కోర్టులో యెల్లో అని గట్టిగా చెప్పాలి.”

“యెల్లోనే అంకుల్. కానీ ఎంతసేపటి నుంచి యెల్లో ఉండెనో నాకు తెల్వది.”

“ఆ రెండో ముక్క అవసరమా?”

“తెల్వనిది తెలుసని ఎట్ల చెప్త?”

నేను మాట మార్చాను. వెళ్తూ వెళ్తూ ఇంకొకటి అడిగింది. “ఆ సైకిల్ అంకుల్‌ని హాస్పిటల్ల చూసి రావచ్చా?” కేసు తేలేవరకు వద్దన్నాను. చట్టరీత్యా సరైన సలహాయే. ఆ పిల్ల ముఖం చూస్తే మాత్రం సరైన పని చేసినట్టు అనిపించలేదు.

నా పెన్సిలు గీత

ఎల్డర్‌మన్‌ను అడగడానికి నలభై రెండు ప్రశ్నలు రాసుకున్నాను. పంతొమ్మిదోది ఇది: “ఢీకొన్న చప్పుడు వచ్చినప్పుడు మీరు దేనిని చూస్తున్నారు?”

విచారణకు ముందు రోజు కూర్చుని జాబితాను మళ్ళీ చదివాను. పంతొమ్మిది దగ్గర ఆగాను. సిగ్నల్ దగ్గర ఆగిన మనిషి సిగ్నల్‌ను కాక ఇంక దేన్ని చూస్తాడు? పైగా ఒక న్యాయమూర్తిని పట్టుకుని ‘మీ దృష్టి ఎక్కడుంది’ అనడమంటే, బడిపిల్లవాడిని మందలించినట్టు ఉండదా? పెన్సిలు తీసుకుని అడ్డంగా గీత గీశాను. ఆ గీత గీసినప్పుడు నాకు మనసు తేలికపడిందని కూడా ఒప్పుకోవాలి.

తెలివైన పని ఒకటి చేశాననుకున్నాను. జ్యూరీ ఎదుట ఆయనను ఎవరూ ‘జడ్జి’ అనకూడదని, ‘మిస్టర్’ అనే పిలవాలని ఒక దరఖాస్తు పెట్టాను. విచారణ జరిపే జడ్జి మెరిడిత్ అనే ఆవిడ వెంటనే ఒప్పుకున్నారు.

“ఈ గదిలో జడ్జి కుర్చీ ఒకటే ఉంది, అందులో నేను కూర్చున్నాను. మిగతావాళ్ళంతా మిస్టర్లు, మిస్‌లే” అన్నారు.

బోనులో జడ్జి

ఆ కేసులో జ్యూరీ ఆరుగురు. ప్రాసిక్యూటర్ పిలవగానే ఎల్డర్‌మన్ వచ్చి ప్రమాణం చేసి కూర్చున్నారు. నెరిసిన జుట్టు, బూడిదరంగు సూటు. ఇస్త్రీ చాలా బాగుంది. ఆ సంగతి నేను గమనించకుండా ఉండలేను.

ఆయన సాక్ష్యం తీర్పు చదివినట్టే ఉంది. “నేను ఎర్రదీపం దగ్గర ఆగి ఉన్నాను. నా దీపం పచ్చగా మారింది. ఆ తరువాత ఎడమవైపు నుంచి ఒక కారు తనకున్న ఎర్రదీపాన్ని దాటి కూడలిలోకి వచ్చింది. సైకిలును కొట్టింది.” ఒక వాక్యం కూడా వృథా పోలేదు. జ్యూరీ సభ్యులు శ్రద్ధగా రాసుకున్నారు. నా పక్కన శ్రావంతి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని బల్ల వైపే చూస్తున్నది.

నా వంతు వచ్చింది. లేచి, కోటు గుండీ పెట్టుకుని, జ్యూరీకి నమస్కరించినట్టు తల వంచి, సాక్షి వైపు తిరిగి అన్నాను:

“గుడ్ మార్నింగ్, యువర్ ఆనర్.”

పైనుంచి జడ్జి మెరిడిత్ గొంతు వినిపించింది. “మిస్టర్ కోటేశ్వరరావు, ఆ దరఖాస్తు పెట్టింది మీరే అని గుర్తు.”

జ్యూరీ నవ్వింది. ప్రాసిక్యూటర్ నవ్వాడు. ఎల్డర్‌మన్ కూడా పెదవి బిగబట్టారు. నా చెవులు వేడెక్కాయి. ఆ తరువాత నేను అడిగినవన్నీ ఆ వేడిలోనే అడిగాను. వాన పడుతున్నదా? లేదు. చీకటి పడిందా? వీధి దీపాలు వెలిగాయి. కళ్ళద్దాలు? పెట్టుకున్నారు. దూరం? మూడు కార్ల పొడవు. వేసిన ప్రతి ప్రశ్నకూ ఆయన సాక్ష్యం ఇంకాస్త గట్టిపడింది. పద్దెనిమిది అడిగి, ఇరవైకి వెళ్ళాను. చివరికి “థాంక్యూ, సర్” అని మళ్ళీ తల వంచి కూర్చున్నాను.

శ్రావంతి చెవిలో అడిగింది: “అంకుల్, ఇప్పుడు మనం బాగ చేసినమా?”

నేను కాగితాలు సర్దుకున్నాను.

బస్సు డ్రైవరమ్మ చీటీ

మా రాష్ట్రంలో ఒక మంచి పద్ధతి ఉంది. సాక్షిని అడగాలనుకున్నది జ్యూరీ సభ్యులు కాగితం మీద రాసి జడ్జికి పంపవచ్చు. జడ్జి దాన్ని ఇరుపక్షాల లాయర్లకు చూపి, అభ్యంతరం లేకపోతే తానే చదివి అడుగుతారు. ఆ రోజు రెండో వరుసలో కూర్చున్న ఒకావిడ చేయి ఎత్తింది. స్కూలు బస్సు నడిపే మనిషి అని జ్యూరీ ఎంపికప్పుడే తెలుసు. చీటీ కోర్టు ఉద్యోగి చేతి నుంచి జడ్జి దగ్గరకు వెళ్ళింది. మమ్మల్ని బెంచి దగ్గరకు పిలిచారు.

పెన్సిలుతో పెద్ద పెద్ద అక్షరాలు. “చప్పుడు వచ్చినప్పుడు మీరు దేనిని చూస్తున్నారు? ముందు పచ్చదీపం చూశారా, ముందు చప్పుడు విన్నారా?”

నా పంతొమ్మిదో ప్రశ్న. నేను పెన్సిలుతో తీసేసిన దాన్ని ఆవిడ పెన్సిలుతో రాసింది. పైగా నాకు తట్టని రెండో సగం కూడా చేర్చింది. అభ్యంతరం ఉందా అని అడిగితే లేదని తల ఊపాను.

జడ్జి మెరిడిత్ చదివారు. ఎల్డర్‌మన్ జవాబు చెప్పడానికి నోరు తెరిచి, మూశారు. కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు. తరువాత నెమ్మదిగా, ఒక్కొక్క మాట తడుముకుంటూ చెప్పారు.

“కాఫీ కప్పు మూత ఊడింది. నేను… దాన్ని బిగిస్తున్నాను. చప్పుడు వినపడింది. తల ఎత్తాను. సైకిల్ కింద పడి ఉంది. ఆయన్ని చూశాను. ఆ తర్వాత పైకి చూశాను. నా దీపం పచ్చగా ఉంది.”

“అది పచ్చగా మారడం మీరు చూశారా?” అని జడ్జి అడిగారు.

“లేదు.” ఆయన జ్యూరీ వైపు తిరిగారు. “చూడలేదు. చూశాననే అనుకుంటూ వచ్చాను. ఆ సాయంత్రం పోలీసులకు వాంగ్మూలం రాసిచ్చేటప్పుడు సంగతులన్నీ ఒక వరుసలో పెట్టాను. వరుసలో పెట్టడం నా వృత్తి. జరిగింది ఆ వరుసలోనేనా అని ఈ రోజు దాకా నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.”

ప్రాసిక్యూటర్ కుర్రవాడు కంగారుగా లేచాడు. “కానీ సర్, మీ అభిప్రాయంలో ఆమె రెడ్ లైట్ దాటిందనే కదా?”

చూడని దాని మీద అభిప్రాయమేమిటి? ఈసారి నా వెన్నెముక నాకన్నా ముందు లేచింది. “అబ్జెక్షన్!”

“సస్టెయిన్డ్” అన్నారు, అభ్యంతరాన్ని ఒప్పుకుంటూ.

అన్నది జడ్జి మెరిడిత్ కాదు. సాక్షి.

కోర్టు మొత్తం పగలబడి నవ్వింది. జ్యూరీలో ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. జడ్జి మెరిడిత్ నవ్వు ఆపుకుంటూ, “థాంక్యూ, మిస్టర్ ఎల్డర్‌మన్. అది నేను చెప్పవలసిన మాట. అయితే నాదీ అదే నిర్ణయం” అన్నారు.

“క్షమించాలి, యువర్ ఆనర్. అలవాటు” అన్నారాయన, మొహం ఎర్రబడి.

ఆ క్షణంలో నాకు ఆయన మీద ఎంత ఆత్మీయత కలిగిందో చెప్పలేను. ఒకే రోజు, ఒకే గదిలో, ఇద్దరమూ అలవాటుకు దొరికిపోయాము.

ఆ మధ్యాహ్నం శ్రావంతి సాక్ష్యం చెప్పింది. యెల్లోగా ఉండగానే వచ్చానన్నది. ఎంతసేపటి యెల్లోనో తెలియదన్నది. నేను వద్దన్న రెండో ముక్కను నా వైపు ఒకసారి చూసి మరీ చెప్పింది.

జ్యూరీ గదిలో

మరునాడు పొద్దున జడ్జి మెరిడిత్ జ్యూరీకి సూచనలు చదివారు. సాక్షి చూడగలిగే చోట ఉన్నాడా, ఎంత బాగా గుర్తుంది, ఒక పక్షం వైపు మొగ్గే కారణం ఏమైనా ఉందా, ఇవన్నీ తూచుకోమన్నారు. మధ్యాహ్నానికి తీర్పు వచ్చింది. నిర్దోషి. శ్రావంతి నా కోటు చేయి పట్టుకుంది. ముడత పడింది. పడనిచ్చాను.

జ్యూరీ వారు మాతో మాట్లాడడానికి ఒప్పుకున్నారు. బస్సు డ్రైవరమ్మ ముందే చెప్పింది, మూడింటికి పిల్లలను ఎక్కించుకోవాలి, తొందరగా అడగమని. ఆవిడ మాటలను నాకు చేతనైన తెలుగులో పెడుతున్నాను.

“మొదట మాలో ఒకాయన, జడ్జి అబద్ధం చెప్పడు కదా అన్నాడు. అబద్ధమని ఎవరన్నారయ్యా, చూశాడా లేదా అన్నదే లెక్క అన్నాన్నేను.”

“ఆయన తడబడ్డాక ఆయన మీద నమ్మకం పోయిందా?” అని అడిగాను.

“పోవడమేంటి? అప్పుడే కుదిరింది! తను లోపలికొస్తే అందరూ లేచి నిలబడే మనిషి, మా ముందు కూర్చుని ‘నేను చూడలేదు’ అన్నాడు. అది మాటలా? ఆ తర్వాత ఆయనేం చెప్పినా నమ్మేదాన్ని. ఆ అమ్మాయీ అంతే. తెలీదన్నది తెలీదంది. ఇద్దరికిద్దరూ తెలీదంటే, ఇంక మేం రెడ్ అని ఎలా అంటాం?”

“నా ప్రశ్నల గురించి ఏమనుకున్నారు?”

ఆవిడ కాస్త మొహమాటపడింది. “మీరు వంగి వంగి అడుగుతుంటే, ఆయన చెప్పిందే నిజమని మీరూ అనుకుంటున్నట్టు కనిపించింది.”

నా కాగితం తీసి పంతొమ్మిదో నంబరు చూపించాను. ఆవిడ గీతనూ, నన్నూ మార్చి మార్చి చూసింది.

“ఇది కొట్టేశారా? ఎందుకు?”

“మర్యాద కాదేమోనని.”

“అయ్యో! నా బస్సులో నలభై మంది పిల్లలుంటారు. ‘ఎటు చూస్తున్నావ్’ అని రోజుకి వందసార్లు అడుగుతాను. అందులో మర్యాద తక్కువేముంది?”

పెగ్గీ చెప్పింది ఇదే. ఈవిడ చెప్పిందీ ఇదే. లా స్కూలు పుస్తకాల్లో ఇంత తేటగా ఎక్కడా చదవలేదు. జడ్జి అనగానే జ్యూరీ ఒక మెట్టు ఎక్కువ నమ్మకంతో వినడం మొదలుపెడుతుందన్నది నిజమే. కానీ అది మొదటి పెట్టుబడి మాత్రమే. అసలు పరీక్ష ఆయనకూ అందరికీ ఒకటే. చూసినదానికీ, తేల్చుకున్నదానికీ మధ్య గీత ఎక్కడుంది? జీవితమంతా తేల్చి చెప్పిన మనిషికి ఆ గీత కనబడడం మనకన్నా కష్టం. దాన్ని ఆయనకు చూపించడం అవమానించడం కాదు. ఆయన మాటకు విలువ తెచ్చిపెట్టడం. నేను మర్యాద అనుకుని ఆయనకు ఆ అవకాశమే ఇవ్వలేదు. ఒక బస్సు డ్రైవరు ఇచ్చింది.

వరండాలో

బయటికి వచ్చేసరికి వరండాలో ఎల్డర్‌మన్ నిలబడి ఉన్నారు. తీర్పు వినడానికి వచ్చి చివరి వరుసలో కూర్చున్నారట. టోపీ చేతిలో పట్టుకుని శ్రావంతి దగ్గరకు వచ్చారు.

“మిస్, మీకు నేను క్షమాపణ చెప్పాలి. కారులో కూర్చుని తీర్పు రాసేశాను. మీకు ఎన్ని నెలలు నిద్ర లేకుండా చేశానో.”

శ్రావంతి కంగారుపడిపోయింది. ఆ కంగారులో ఇంగ్లీషు మధ్యలో మన పిలుపు దొర్లింది. “ఇట్స్ ఓకే, అంకుల్. యు టోల్డ్ ది ట్రూత్.”

ఆయన నా వైపు తిరిగారు. “అంకుల్ అంటే? నేనీ అమ్మాయికి బంధువును కాను కదా?”

“మా పిల్లలు ఇంట్లోవాళ్ళ స్నేహితులను, తెలిసిన పెద్దలను అలా పిలుస్తారు, యువర్ ఆనర్” అన్నాను. మళ్ళీ నోరు జారింది. ముగ్గురమూ నవ్వాము.

“ఇరవై ఏళ్ళు ‘యువర్ ఆనర్’గా ఉన్నాను. నిన్న ఒక్కరోజులో ‘మిస్టర్’ అయ్యాను, చాలా కష్టమైంది” అన్నారాయన టోపీ పెట్టుకుంటూ. “‘అంకుల్’ కావడం మాత్రం తేలికగానే ఉంది.”

శ్రావంతి అప్పటికే నా వైపు తిరిగి అడుగుతున్నది. “అంకుల్, ఇప్పుడు కేసు అయిపోయింది కదా. సైకిల్ అంకుల్‌ని చూసి రావచ్చా?”

వెళ్ళవచ్చన్నాను. ఆ వేళకు ఆయన ఫిజియోథెరపీకి వచ్చే చోటు ఆ వీధి చివరే. ఎల్డర్‌మన్ తానూ వస్తానన్నారు. ముగ్గురం నడిచి వెళ్ళాము. దారిలో సిగ్నల్ దగ్గర ఆగాము. ముగ్గురమూ తల ఎత్తి దీపం మారేదాకా దాని వైపే చూస్తూ నిలబడ్డాము.